మైపాడు ఉప్పు గాలికి ఏ మొక్క ఆగుద్ది?

నెల్లూరు మైపాడు గేట్ దగ్గర ఆటో ఎక్కి సముద్రం వైపు పోతే, పాతిక కిలోమీటర్ల లోపే నేల మూడుసార్లు మారిపోతుంది. ముందు పెన్నా కాలువల కింద పచ్చటి వరి. తర్వాత రొయ్యల గుంటలు, వాటిల్లో రాత్రీ పగలూ నీళ్లు చిమ్మే ఏరియేటర్ చక్రాలు. ఆ పైన బకింగ్‌హామ్ కాలువ. ఒకప్పుడు మద్రాసుకి ఉప్పు, కట్టెలు పడవల మీద పోయిన కాలువ ఇది. అది దాటితే ఇక అంతా ఇసుకే. తాటిచెట్లు, సర్వి తోపులు, వాటి వెనక సముద్రం హోరు.

మా అమ్మానాన్నలు రెండేళ్ల కిందట ఈ ఇసుకలోనే ఇల్లు కట్టుకున్నారు. నాన్న రిటైర్డ్ టీచర్. సముద్రం కిలోమీటరు లోపే. ఇంటి ముందు 20 అంకణాల ఖాళీ జాగా ఉంది. (అంకణం అంటే 72 చదరపు అడుగులు. మా నెల్లూరోళ్లకి గజాల లెక్క ఇప్పటికీ ఎక్కదు.) పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం దాకా ఒక్క ముక్క నీడ లేకుండా ఎండ పడే జాగా. అందులో ఏం నాటాలన్నదే ఆరు నెలలుగా మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో నడుస్తున్న పంచాయితీ.

అమ్మకి పూజకి పూలు కావాలి. నాన్నకి సాయంత్రం కుర్చీ వేసుకుని పేపర్ చదవడానికి నీడ కావాలి. చెల్లెలికి పింటరెస్ట్‌లో చూసినట్టు, గేటు నుంచి మెట్ల దాకా రెండు వైపులా శంకువుల్లాగా నిలబడే పచ్చటి కోనిఫర్ మొక్కలు కావాలి. ల్యాండ్‌స్కేపింగ్ చేసే ఒకాయన దానికి తగ్గట్టే డిజైన్ పంపాడు. రెండు వరసల గోల్డెన్ సైప్రస్, మూలల్లో థూజా, గోడ పొడుగునా కోనోకార్పస్, మధ్యలో లాన్. బొమ్మ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. నేను బెంగళూరులో కోడ్ రాసుకునేవాణ్ని. ఎవరైనా డిజైన్ చూపిస్తే రివ్యూ చెయ్యకుండా ఉండలేను. అందులో ఉన్న ఒక్కో మొక్క ఎక్కడిది, ఈ ఎండకీ ఈ గాలికీ ఇక్కడ ఆగుతుందా లేదా చూద్దామని మూడు వీకెండ్లు ఆ తీరంలో తిరిగాను.

మొదట కంటపడేది సర్వి. పుస్తకాల్లో సరుగుడు అంటారు. దూరం నుంచి అచ్చం పైన్ చెట్టే. సూదుల్లాంటి ఆకులు, చిన్న చిన్న గరుకు కాయలు. కానీ దీనికీ పైన్‌కీ చుట్టరికం లేదు. ఇది పూలు పూసే జాతి చెట్టు. మనం సూది అనుకునేది నిజానికి సన్నటి పచ్చ కొమ్మ. అసలు ఆకులు ఆ కొమ్మ కణుపుల దగ్గర పొలుసుల్లాగా, కంటికి ఆననంత చిన్నగా ఉంటాయి. చిన్నప్పుడు బీచ్‌కి పిక్నిక్ పోతే ఒక ఆట ఆడేవాళ్లం. సూదిని ఒక కణుపు దగ్గర పీకి, మళ్లీ అక్కడే గుచ్చి, ఎక్కడ అతికించానో చెప్పమని అడగడం. అతుకు అస్సలు కనపడదు.

ఆకు అంత చిన్నది కావడమే దాని బలం. నీళ్లు ఆవిరయ్యే చోటు తక్కువ, ఉప్పు తుంపర నిలిచే చోటూ తక్కువ. పైగా వేళ్లలో ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా కాపురం పెట్టి గాలిలోని నత్రజనిని పట్టిస్తుంది. అందుకే ఎరువు వాసన తెలియని ఇసుకలో కూడా ఏపుగా లేస్తుంది. సర్వి కూడా ఇక్కడి చెట్టేమీ కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలది. 19వ శతాబ్దంలో రైలింజన్లకి కట్టెల కోసం మద్రాసు ప్రెసిడెన్సీ తీరంలో నాటించారు. ఇప్పుడు నాలుగైదేళ్లకొకసారి నరికి పేపర్ మిల్లులకి, పందిళ్లకి పంపుతున్నారు. 2004 సునామీ తర్వాత తీరానికి అడ్డుగోడలాగా కూడా వేశారు.

ఇక డిజైన్‌లో ఉన్న అసలు కోనిఫర్ల సంగతి.

గోల్డెన్ సైప్రస్ నిమ్మపండు రంగులో మెరుస్తూ ఉంటుంది, వేలితో నలిపితే నిమ్మ వాసన కూడా వస్తుంది. దీని పుట్టిల్లు కాలిఫోర్నియాలోని మాంటెరే సముద్ర తీరం. 'సముద్రం ఒడ్డు చెట్టే కదా, ఇక్కడ ఎందుకు బతకదు?' అని చెల్లెలు లాజిక్ లాగింది. ఉప్పు వరకూ ఆ లాజిక్ కరెక్టే. కానీ అక్కడిది చల్లటి సముద్రం, వేసవిలో పొద్దున్నే పొగమంచు, జులైలో కూడా స్వెట్టర్ వేసుకునే చోటు. మనకి మే నెలలో 40 దాటుతుంది, డిసెంబర్ రాత్రి కూడా 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. బీచ్ అన్న మాట ఒకటే, వాతావరణం వేరు. నర్సరీలో షేడ్ నెట్ కింద అది మిలమిలా మెరుస్తా ఉంటుంది. ఆ నెట్ తీసేసిన తర్వాత కథ వేరు.

థూజా కొంచెం గట్టి ప్రాణం. పుస్తకంలో పెట్టుకుంటే చదువొస్తుందని మనలో చాలామంది స్కూల్లో దాచుకున్న ఆకు ఇదే. చైనా వైపు మొక్క. నెల్లూరు టౌన్‌లో ఎండలో బాగానే ఉన్నవి చూశాను. కాలువ దాటాక మాత్రం చూసిన ప్రతి థూజాకీ తూర్పు వైపు ఇటుక రంగు తిరిగి ఉంది. ఉప్పు గాలి చేసే పని అది. ఉప్పు ఆకు మీద పడి లోపలికి దిగి, కొసల్లో పోగై, ఆకులోని నీటిని లాగేస్తుంది. మందారానికి అలా అయితే కొమ్మ కత్తిరిస్తే మళ్లీ చిగురు వేస్తుంది. థూజా, సైప్రస్, జునిపర్ లాంటివి ఎండిపోయిన పాత కొమ్మ నుంచి మళ్లీ చిగురించవు. ఒక వైపు మాడితే ఆ గుంత అలాగే ఉండిపోతుంది. శంకువు అందం కోసం కొన్న మొక్కకి అది పెద్ద లోటే కదా!

ఉప్పు గాలికి నిజంగా ఆగే కోనిఫర్ ఒకటుంది. మన నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ అని అమ్మే అరకేరియా. పసిఫిక్ సముద్రంలో నార్‌ఫోక్ ద్వీపానిది. 1774లో కెప్టెన్ కుక్ వాటిని చూసి ఓడ స్తంభాలకి భలే పనికొస్తాయని సంబరపడ్డాడట. అదే పేరుతో దాని దగ్గరి చుట్టం కుక్ పైన్ కూడా మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోతుంది. ఈ కుక్ పైన్‌కి ఒక తమాషా ఉంది. ప్రపంచంలో ఎక్కడ నాటినా భూమధ్యరేఖ వైపే వంగి పెరుగుతుందని 2017లో ఒక పరిశోధన బయటపెట్టింది. అంటే మైపాడులో నాటితే దక్షిణం వైపు వంగాలి. కానీ ఈ జాతి చెట్లు పెరిగితే పదంతస్తుల ఎత్తు దాటుతాయి. 1989 నవంబర్‌లో తుఫాను కావలి దగ్గర తీరం దాటినప్పుడు ఎన్ని చెట్లు కూలాయో మా నాన్న ఇప్పటికీ చెప్తాడు. ఇంటి గోడకి పది అడుగుల దూరంలో అంత చెట్టంటే ఆయన ససేమిరా అన్నాడు. కుండీలో అయితే కొన్నేళ్లు పొట్టిగా ఉంచుకోవచ్చు.

ఇంకో మాట. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే కోనిఫర్ ఒకే ఒక్కటి, నాగేయా. అదీ పడమటి కనుమల తడి అడవుల్లో. తెలుగు నేలకి సొంత కోనిఫర్ లేదన్నమాట. వాటికి దూరపు చుట్టమైన సైకస్ మాత్రం మన శేషాచలం కొండల్లో ఉంది. బెడ్డోమి అనే ఆ జాతి ఇంకెక్కడా సహజంగా పెరగదు, కాబట్టి ఎవరైనా కొండ నుంచి తవ్వి తెచ్చామని అమ్మితే కొనకండి. నర్సరీల్లో మామూలుగా దొరికే సైకస్ జపాన్‌ది, వేరే జాతి. ఎండకి ఆగుతుంది, కానీ కుక్కలు కొరికితే విషం.

అసలు లెక్క నీళ్లది

ఇంతవరకూ గాలి సంగతి. నాకు నిజంగా భయం వేసింది లాన్ దగ్గర.

ఈ ఇసుక కింద నీళ్లు ఎలా ఉంటాయో తెలుసా? వాన నీళ్లు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పు నీళ్ల మీద తేలుతా ఉంటాయి. పాల మీద మీగడ లాగా. మా వైపు పాతకాలం వాళ్లు ఇసుకలో చెలమ తవ్వి ముంచుకున్నది ఆ మీగడే. సముద్రపు నీరు మంచినీటి కంటే నలభైలో ఒక వంతు బరువెక్కువ. దాని వల్ల ఒక లెక్క వస్తుంది. మంచినీటి మట్టం సముద్ర మట్టం కంటే ఒక అడుగు పైన ఉంటే, దాని కింద దాదాపు 40 అడుగుల లోతు దాకా మంచినీరు ఉంటుంది. గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరి పేర్ల మీద ఉన్న సూత్రం ఇది. తిరగేసి చదివితే గుండె జారుతుంది. మోటార్ వేసి తోడి తోడి పైన ఒక అడుగు తగ్గిస్తే, కింద నుంచి ఉప్పు నీరు మెల్లగా 40 అడుగుల దాకా పైకి రాగలదు. ఒకసారి బోరు ఉప్పైతే దాన్ని మళ్లీ తీపి చెయ్యడం మన చేతుల్లో లేదు. మంచి వానలు కొన్నేళ్లు పడాలి, అదీ ఆ లోపల ఎవరూ తోడకపోతే.

పచ్చిక ఎండలో రోజుకి చదరపు మీటరుకి దాదాపు 5 లీటర్లు తాగుతుంది. మా 20 అంకణాలంటే 134 చదరపు మీటర్లు. అంటే రోజుకి 670 లీటర్లు. మన టౌన్లలో ఒక మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలన్నది ప్రభుత్వ ప్రమాణం. ఇంటి ముందు లాన్ వేస్తే ఐదుగురు కొత్త మనుషుల్ని తెచ్చి పెట్టుకున్నట్టే. ఇంట్లో ఉండేది ఇద్దరే! పైగా ఆ బోరు నీళ్లే మా వాళ్లు వంటకి వాడేది. పక్క నాలుగిళ్ల బోర్లూ అదే మీగడ మీద ఉన్నాయి. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కుపోయి ముంచాను. తాగే నీటికి 500 లోపు మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా పర్వాలేదన్నది భారత ప్రమాణం. మే నెలలో మా బోరు నాలుగంకెల్లోకి వెళ్లింది. ఆ స్క్రీన్ షాట్ గ్రూప్‌లో పెట్టాక లాన్ గురించి ఎవరూ మళ్లీ మాట్లాడలేదు.

కోనోకార్పస్ కూడా అక్కడే కొట్టేశాం. ఎండకీ ఉప్పుకీ ఆగుతుంది, నెలల్లో గోడలాగా లేస్తుంది, నిజమే. కానీ దాని వేళ్లు నీళ్లు వెతుక్కుంటూ పైపుల్లోకి దూరతాయనీ, పుప్పొడితో అలర్జీలొస్తాయనీ ఫిర్యాదులు ఎక్కువై గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. బోరు పక్కన, ట్యాంకు పక్కన అలాంటి మొక్క ఎందుకు?

పాళెంలో ఇళ్ల ముందు

రెండో వీకెండ్ జాలర్ల పాళెంలో సందు సందూ తిరిగాను. నా ఆలోచన సింపుల్. ఎవరూ నీళ్లు పొయ్యకపోయినా నిలబడిన మొక్కలేవో రాసుకోవడం. ఒడ్డునే అయితే రెండు. మేక గిట్టలాంటి ఆకులతో, ఊదా పూలతో పాకే బాలబంద తీగ. ముళ్లబంతుల్లా గాలికి ఇసుకలో దొర్లే రావణాసురుడి మీసాలు. అవి ఇసుకని పట్టి ఉంచే మొక్కలు. బీచ్ శుభ్రం చేస్తున్నామని వాటిని పీకేస్తే ఇసుక ఇంట్లోకే వస్తుంది.

ఇళ్ల దగ్గరికొస్తే గంగరావి, వేప, కానుగ నీడకి. వాటి కింద గన్నేరు, దేవగన్నేరు, కాగితం పూలు. దడికి వావిలి. పొలాల గట్టున మొగలి పొదలు. నూరువరహాలు కూడా అక్కడక్కడా ఉన్నాయి కానీ ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఇసుకలో గవ్వల సున్నం ఎక్కువైతే మొక్కకి ఇనుము అందదు, అందుకే ఆ రంగు. వల బాగు చేసుకుంటా కూర్చున్న ఒక జేజిని అడిగాను, ఫోన్‌లో సైప్రస్ ఫొటో చూపించి.

"ఇదేందబ్బయా, సర్వి మొక్కకి పసుపు పూసినట్టుండాది" అంది. "ఉప్పు గాలి ఆడే చోట పల్చటి ఆకు నాటబాక నాయనా. ఆకు పట్టుకో. మందంగా అయినా ఉండాల, నూనె రాసినట్టు మెరుస్తా అయినా ఉండాల, లేదంటే సూది మాదిరి సన్నగా అయినా ఉండాల."

ఇంటికొచ్చి ఆ మూడు టెస్టులతో నా లిస్టు సరిచూశాను. గన్నేరు మందం. గంగరావి, కానుగ మెరుపు. సర్వి సూది. నేను చదివిన వ్యాసాలన్నిటి సారం ఆమె మూడు ముక్కల్లో చెప్పేసింది. (కాగితం పూలు ఈ టెస్టులో ఫెయిల్, కానీ బతుకుతుంది. ప్రతి రూల్‌కీ ఒక ఎక్సెప్షన్ ఉంటుంది కదా.)

మెరిసే ఆకు మీద నమ్మకం కుదిరింది మాత్రం శ్రీహరికోటలో. రాకెట్ చూడ్డానికి లాంచ్ వ్యూ గ్యాలరీకి పోయినప్పుడు అందరూ ఆకాశం చూస్తారు. ఈసారి నేను రోడ్డు పక్కన అడవి చూశాను. 2022 జిల్లాల విభజన దాకా అది మా నెల్లూరు జిల్లానే. పులికాట్‌కీ సముద్రానికీ మధ్య ఉత్త ఇసుక ద్వీపం. అయినా ఏడాది పొడుగునా పచ్చగా ఉండే అడవి. మందపాటి, మెరిసే, ముదురు పచ్చ ఆకులు. నీళ్లు పోసేవాళ్లెవరూ లేరు. అలాంటి పొడి పచ్చ అడవుల్లో పెరిగే కలివి పొదకి సొంత చెల్లెలే మనం పప్పులో వేసుకునే వాక్కాయ. తోలులాంటి ఆకు, మల్లెలాంటి తెల్ల పువ్వు, మేకల్ని ఆపే ముల్లు, వానాకాలంలో కాయ. కత్తిరిస్తే చక్కటి దడి. కోనోకార్పస్ స్థానంలో ఏం పెట్టాలో అప్పుడు తేలింది.

ఎప్పుడు, ఎలా

యూట్యూబ్‌లో అందరూ జూన్‌లో నాటమంటారు. హైదరాబాద్‌కి అది కరెక్టు. మా తీరానికి నైరుతి వానలు పెద్దగా రావు. ఏడాది వానలో సగానికి పైన అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యలో, ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. జూన్, జులైల్లో ఇక్కడ వడగాలి ఇంకా ఆరదు. అందుకే అక్టోబర్‌లో రెండు మంచి వానలు పడ్డాక నాటాం. ఇక్కడ ఒక చిక్కుంది, తుఫాన్లూ అప్పుడే. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటే ముందు మా తీరం వెంబడే నడుచుకుంటా పోయింది. కాబట్టి ప్రతి మొక్కకీ సర్వి కర్ర ఊతం కట్టాలి. ఉప్పు గాలి వీచి, వాన పడకుండా పోయిన రోజు ఆకుల మీద మంచినీళ్లు చల్లాలి.

నర్సరీల్లో మొక్కలు చాలావరకూ కడియం నుంచి లారీల్లో వస్తాయి. గోదావరి బంకమట్టి ముద్దతో ఉంటాయి. ఆ ముద్దని అలాగే ఇసుకలో పెడితే, మనం పోసిన నీళ్లు ముద్దలోకి పోకుండా పక్కనున్న ఇసుకలోంచి జారిపోతాయి. చుట్టూ తడి, మొక్క మాత్రం ఎండు! అందుకని ముద్దని వేళ్లు తెగకుండా మెల్లగా వదులు చేసి, రెండడుగుల గుంటలో ఇసుకతో పాటు చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నాటాం. పైన సర్వి ఆకు మందంగా పరిచాం. పక్కన అడుగున చిన్న చిల్లి పెట్టి, గుడ్డ వత్తి దూర్చిన కుండ పాతాం. కుండ నింపితే రెండు మూడు రోజులు చూడక్కర్లేదు.

చివరికి ఏం నాటామంటే: తూర్పు, దక్షిణం గోడల వెంట వాక్కాయ. గేటు పక్కన గోడ మీదకి కాగితం పూలు. దానికి నీళ్లు ఎక్కువైతే ఆకులే వస్తాయి, కొంచెం ఎండబెడితేనే పూస్తుంది. మాకు కావాల్సింది అదే. ఇంటి పడమటి వైపు నాన్న కుర్చీకి గంగరావి. పొద్దున పసుపుగా పూసి సాయంత్రానికి ఎరుపెక్కే పూలు దానివి. అమ్మ గన్నేరు అడిగింది, శివుడికి. కానీ చెల్లెలి కొడుక్కి రెండేళ్లు, కనపడిందల్లా నోట్లో పెడతాడు. గన్నేరులో ప్రతి భాగమూ విషమే. వాడికి బుద్ధొచ్చేదాకా దేవగన్నేరు పూలతో సర్దుకోమని చెప్పాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు తనే పోయి కొమ్మ తెచ్చి గుచ్చింది. ఉత్తరం మూలలో తంగేడు నాలుగు. తెలంగాణ వాళ్లకి అది రాష్ట్ర పుష్పం, మా దగ్గర రోడ్డు పక్క మొక్క, ఎవరూ పట్టించుకోరు. పచ్చటి ఎండలో దానికంటే బాగా పూసేది నేను చూళ్లేదు.

ఇక చెల్లెలి శంకువులు. గేటు నుంచి మెట్ల దాకా రెండు వరసల్లో సర్వి నారు నాటాం. సర్విని చెట్టుగా వదిలేస్తే ఇంటి పక్కన ప్రమాదం. చిన్నప్పటి నుంచీ కత్తెర వేస్తా ఉంటే మాత్రం దట్టంగా, ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారంలో కూర్చుంటుంది. పాత పార్కుల్లో ఏనుగుల్లా, గొడుగుల్లా కత్తిరించిన పచ్చ బొమ్మల్లో చాలావరకూ ఇవే. ఒక్క గోల్డెన్ సైప్రస్ ధరకి ఇరవై పైన నారు మొక్కలొచ్చాయి. ఛాతీ ఎత్తు దాటనివ్వకూడదు, మూడు వారాలకొకసారి కత్తెర పడాలి. ఆ డ్యూటీ నాన్నది. ప్రస్తుతానికి అవి సగం కటింగ్‌లో కరెంటు పోయిన సెలూన్ నుంచి బయటికొచ్చిన పిల్లకాయల్లాగా ఉన్నాయి. చెల్లెలు వారం వారం ఫొటో అడుగుతా ఉంది. శంకువు ఆకారం తేలడానికి ఇంకో ఏడాదైనా పట్టుద్దని నాన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు.